ఎవరూ చూడరని చెప్పాను

మా అమ్మ నర్సు. డెబ్బైల్లో జగ్గయ్యపేటలో పనిచేసేది. నాకు పదమూడేళ్ళు వచ్చేసరికి నందిగామకు బదిలీ అయింది. చుట్టుపక్కల ఊళ్ళకు బస్సులో వెళ్ళి, దిగి, మిగతా దూరం నడిచేది. కాన్పులు, సూదులు, మాత్రలు. సెలవుల్లో ఇంట్లో ఒక్కదాన్నే వదలడం ఇష్టంలేక నన్నూ తీసుకుపోయేది. ఆడవాళ్ళు అమ్మ దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్ళు. కడుపునొప్పితో మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళేవాళ్ళు. నేను అరుగు మీద కూర్చుని, పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ, ఒక్క మాట పోకుండా వినేదాన్ని. దారిలో అమ్మ ఒకటే చెప్పేది: "విన్నదంతా ఇక్కడే వదిలేసి బస్సెక్కు."

నేను వదల్లేదు. ఎనభైల మొదట్లో పూణేలో సినిమా చదువు చదువుకుని, హైదరాబాదులో చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీయడం మొదలుపెట్టినప్పుడు నా దగ్గరున్న పెట్టుబడి ఆ గొంతులే. మనుషులు ఎదురుగా కూర్చుని, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోని సంగతి చెప్పుకోవడం. నాకు తీయాలనిపించింది అదొక్కటే.

టీవీ వాళ్ళు పల్లెటూరి ఆడవాళ్ళ మీద అరగంట సినిమా అడిగారు. పాడి, పొదుపు, పొగలేని పొయ్యి లాంటివి ఊహించుకుని ఉంటారు. నేను 'భయం' అని రాసిచ్చాను. మీకు దేనికి భయం అని అడుగుతాను, వాళ్ళు చెప్తారు, అంతే సినిమా అన్నాను. ఎవరికి ఏం నచ్చిందో, ఒప్పుకున్నారు.

కెమెరామన్‌నీ, టేపు రికార్డరునీ వెంటేసుకుని నందిగామ వచ్చాను. అమ్మ తను తిరిగే ఊళ్ళలో ఇళ్ళు చూపించింది. నర్సమ్మగారి అమ్మాయినని గడపల దగ్గర నన్నెవరూ ఆపలేదు. ఒకావిడ బావిలో పడి చనిపోయిన చెల్లెలి సంగతి చెప్పింది. ఒక ముసలమ్మ హైవే దాటాలంటే భయమంది, కీసర దగ్గర లారీ తన మేకను కొట్టిన రోజు నుంచీ. ఇంకొకావిడకు ఉరుములంటే భయం.

వీరులపాడు దాటాక ఒక ఊళ్ళో, పెద్ద రైతు ఇంట్లో, వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్న ఆమె దగ్గరకు వెళ్ళాం. నలభై ఏళ్ళలోపు ఉంటాయి. భర్త పొలం వెళ్ళాడు. ఆమె ముందు పాముల గురించి చెప్పింది. మిరపతోటలో కట్లపాము చూసిందట. కెమెరామన్ ఫిల్ము అయిపోతోందని సైగ చేశాడు. ఆపొద్దన్నాను. ఆమె చేతులు తొడిమలు తీస్తూనే ఉన్నాయి, తల ఎత్తలేదు.

"పాముదేవుందమ్మా, కనపడితే తప్పుకుంటాం. మా ఆయన కిర్రు చెప్పులేసుకుంటాడు. బజారు మలుపు తిరగ్గానే ఆ చప్పుడు వినపడుద్ది. వింటే తెలిసిపోద్ది, ఆ పూట కొడతాడో కొట్టడో. మెల్లిగా వస్తే ఏం కాదు. పెద్ద పెద్ద అంగలేసుకుంటా వస్తే మాత్రం నా చేతిలో ఏదుంటే అది కింద పెట్టేసి నిలబడతా. ఇరవై రెండేళ్ళు. ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా వినపడుద్ది."

అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. తొడిమలు తీస్తున్న చేతులు ఆగాయి.

"ఇది ఎవరు చూస్తారమ్మా?"

"హైదరాబాదు వాళ్ళండి. ఇక్కడెవరూ చూడరు. ఈ ఊళ్ళో టీవీ లేదు కదా."

అబద్ధం చెప్పలేదు. ఆ రోజుకి ఆ ఊళ్ళో టీవీ లేదు. ఆమె మళ్ళీ తొడిమలందుకుని, ఫిల్ము అయిపోయాక కూడా టేపు తిరుగుతుండగా, ఇంకో ఇరవై నిమిషాలు చెప్పింది.

ఎడిటింగ్ పూర్తయింది. ఆమె మాట ఉంచాను. ఆ మాట కోసమే మిగతా సినిమా అంతా అన్నట్టు పేర్చాను. చూసినవాళ్ళు ఆ ముక్క మళ్ళీ వెయ్యమంటే నాకు గర్వంగా అనిపించింది. ఆదివారం సాయంత్రం వేస్తామన్నారు. తేదీ చెప్తూ అమ్మకు ఉత్తరం రాశాను. శుక్రవారం అమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆరోగ్యం, చర్చిలో సున్నాలు వేయించడం, వానలు. చివర ఒక వరుస: 'మనం వీరులపాడు అవతల వెళ్ళిన ఊళ్ళో పంచాయతీకి టీవీ ఇచ్చారు. ఆదివారం సినిమా చూడటానికి ఊరంతా వస్తున్నారు. నీది ఆదివారమే కదా, చూసుకో.'

చూసుకో అన్న మాట దాకా చదివి, కార్డు చేతిలో పట్టుకునే చెప్పులేసుకున్నాను.

టీవీ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి అధికారి మంచివాడే. "ఇప్పుడు కోసి, మళ్ళీ చూసి, ఒప్పుకోవాలంటే కుదరదమ్మా. అయినా మీ సినిమాలో అదే కదా మంచి ముక్క? తీసేయమంటారేంటి?" అన్నాడు. నేను కారణం పూర్తిగా చెప్పలేదు. అది కూడా భయమే. ఇచ్చిన మాట సంగతి చెప్తే ఇంకోసారి నాకు పని ఇవ్వరేమోనని.

ఆదివారం పొద్దున్నే విజయవాడ బస్సెక్కాను. జగ్గయ్యపేటలో బస్సు ఆగితే దిగి నిలబడ్డాను. అవతలి వైపు హైదరాబాదు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అది ఎక్కేస్తే ఏమవుతుందని నిజంగానే ఆలోచించాను. నాకు ఆమె మీద జాలి కన్నా నా గురించి భయం ఎక్కువగా ఉంది. ఆయన పెద్ద రైతు. నేను చర్చి పేట నర్సు కూతుర్ని. ఆ ఏళ్ళలో ఒక మాటకో, ఒక చూపుకో మాలాంటి పేటల మీద పడి కొట్టిన కబుర్లు పేపర్లో వస్తూనే ఉండేవి. అమ్మ ఆ ఊళ్ళన్నిటికీ ఒంటరిగా నడిచి వెళ్తుంది. కండక్టరు విజిల్ వేశాడు. మళ్ళీ నా బస్సే ఎక్కాను.

అమ్మ చర్చి నుంచి అప్పుడే వచ్చింది. నేను చెప్పిందంతా విని చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టింది. తర్వాత, "వాళ్ళు నీకు చెప్పలా. నా మొహం చూసి చెప్పారు," అంది. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడిస్తే టైం అయిపోద్ది. ఒంటిగంట బస్సుకి నువ్వు పో. ముందు ఆమెకి చెప్పు. ఇంకెవరికీ చెప్పొద్దు. నేను ఆ ఊరి హెల్త్ సబ్‌సెంటరు తాళాలు తీసుకుని, సాయంత్రం బస్సుకి వస్తా."

ఊళ్ళో బస్సు దిగాను. ఆమె ఇల్లు కుడివైపు, పంచాయతీ ఆఫీసు ఎడమవైపు. నేను ఎడమవైపు తిరిగాను. అమ్మ చెప్పిన మాట గుర్తుంది. కానీ ఆమె ముఖం చూడకుండానే పని జరిగిపోతే బాగుండునని ఆశ. టీవీ ఉన్న చెక్కపెట్టె తాళం పంచాయతీ గుమాస్తా దగ్గర ఉంటుంది. ఆయన్ని పక్కకు పిలిచి, "ఇవాళ సాయంత్రం టీవీ పెట్టకుండా ఉంటారాండి?" అని అడిగాను.

"పెట్టకపోతే నన్ను బతకనిస్తారా? ఎందుకండి?"

"నా సినిమా ఒకటి వస్తుంది. అంత బాగాలేదు."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అదేనాండి, మీరు మన ఊళ్ళో తీసింది? మన ఊరొస్తదా టీవీలో?"

కాదని చెప్పబోయాను, మాట తడబడింది. ఆయన అప్పటికే వసారా చివరకు వెళ్ళి, రోడ్డు మీద పోతున్న ఎడ్లబండి ఆపి చెప్తున్నాడు. మామూలుగా అయితే పెద్ద సినిమా అయిపోయి వార్తలొచ్చేసరికి పదిమందో ఇరవైమందో మిగిలేవాళ్ళేమో. ఇప్పుడు ఊరు మొత్తం ఉంటుంది. పిలిచింది నేనే.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. వాకిట్లో గేదెకు కుడితి పెడుతోంది. నన్ను చూసి బకెట్టు దించింది.

"మన ఊరొస్తదంటగా. నన్ను ఉంచావా, తీసేసావా?"

"ఉంచానండి."

"పాముల గురించేగా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఆ మాట కూడానా?"

"ఆ మాట కూడానండి."

ఆమె అరవలేదు, తిట్టలేదు. గోడకు ఆనుకుని, మెల్లిగా కిందకు జారి కూర్చుంది. "ఎవరూ చూడరన్నావు," అంది. మళ్ళీ అదే మాట, తనలో తనే అనుకున్నట్టు.

"నాతో రండి. నందిగామలో మా ఇంట్లో ఉండండి, నాలుగు రోజులు," అన్నాను.

"నాలుగు రోజుల తర్వాత?"

అప్పుడు వినపడింది. కిర్రు, కిర్రు, కిర్రు. బజారు మలుపు దగ్గర. టేపులో ఆమె చెప్పగా నేను వందసార్లు విన్న సంగతి. చప్పుడు మాత్రం వినడం అదే మొదటిసారి. మెల్లిగా వస్తున్నాడా, పెద్ద అంగలా? నాకు తేడా తెలియలేదు. ఆమెకు తెలిసింది. లేచి, చీర దులుపుకుని, బకెట్టు అందుకుంది.

ఆయన సంతోషంగా ఉన్నాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం. "ఏమ్మాయ్, మన ఇల్లు చూపిస్తారంటగా టీవీలో? ముందే చెబితే సున్నాలేయిద్దుం," అని నవ్వాడు. నన్ను అరుగు మీద కూర్చోమన్నాడు. "అమ్మాయికి కాఫీ ఇవ్వు. నాకా తెల్లచొక్కా తీసి పెట్టు," అని భార్యతో చెప్పి స్నానానికి వెళ్ళాడు. అంత మర్యాదగా మాట్లాడుతుంటే నాకు ఇంకా భయం వేసింది.

ఆమె కాఫీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. "మీ అమ్మ వస్తదా?" అని అడిగింది.

"సాయంత్రం బస్సుకి వస్తుందండి."

"రాగానే నా పక్కన కూర్చోమను."

చీకటి పడకముందే పంచాయతీ వసారా నిండిపోయింది. ముందు పిల్లలు, బల్లల మీద మగవాళ్ళు, పక్కగా చాపల మీద ఆడవాళ్ళు. చెప్పులన్నీ మెట్ల కింద కుప్పగా ఉన్నాయి. ఆయన తెల్లచొక్కాతో ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆమె ఆడవాళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంది. ఆరున్నర బస్సు దిగిన అమ్మ, భుజానికి మందుల సంచితోనే వచ్చి, ఆమె పక్కన చోటు చేసుకుంది. నేను వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. కరెంటు పోవాలని ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థన చెయ్యొచ్చో లేదో తెలియదు.

కరెంటు పోలేదు. పెద్ద సినిమా అయింది, వార్తలయ్యాయి, ఒక్కరూ లేవలేదు. నాది మొదలైంది. మేకను పోగొట్టుకున్న ముసలమ్మ కనపడగానే నవ్వులు. ఉరుములావిడ రాగానే ఇంకా నవ్వులు. తర్వాత ఆ వాకిలి, ఎర్రగా మిరపకాయల కుప్ప ఉండాల్సిన చోట ఆ టీవీలో నల్లటి కుప్ప, ఆమె వంచిన తల. "అదిగో మన అత్త!" అని పిల్లలు అరిచారు. పాముల గురించి చెప్తుంటే మగవాళ్ళు తలలూపారు.

ఆ తర్వాత ఆ మాట వచ్చింది. నేను ఎంత జాగ్రత్తగా పేర్చానంటే, దానికి ముందూ వెనకా ఏ శబ్దం లేకుండా చేశాను. ప్రతి అక్షరం వసారా చివరి దాకా వినపడింది. 'వింటే తెలిసిపోద్ది, ఆ పూట కొడతాడో కొట్టడో.'

ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. ఎవరో వాడి నెత్తి మీద ఒకటిచ్చారు. ఇంక ఎవరూ కదల్లేదు. నేను ఆయన వీపు చూస్తున్నాను. తెల్లచొక్కా వీపు. అది కదలలేదు. సినిమా అయిపోయింది, పాటల కార్యక్రమం వచ్చింది. ఆయన అది కూడా కూర్చుని చూశాడు. ఎవరో హుషారుగా పాడుతున్నారు, ఊరంతా ఊపిరి బిగబట్టి ఆ పాట వింటోంది. ఆయన లేస్తేగానీ మిగతావాళ్ళు లేవరు.

చివరకు లేచాడు. మెట్లు దిగి, కుప్పలో తన చెప్పులు వెతుక్కున్నాడు. వేసుకున్నాడు. ఇంటి వైపు కాకుండా రోడ్డు వైపు నడిచాడు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా రెండువందల మంది విన్నారు.

అప్పుడు మా అమ్మ అందరికీ వినపడేలా, గొంతు పెంచి ఆమెతో అంది: "ఏది, చెయ్యి ఇటివ్వు." సంచిలోంచి బీపీ మిషను తీసి, అక్కడే పట్టీ కట్టి చూసింది. "చాలా ఎక్కువుంది. ఇంటికి పంపను. ఇవాళ సబ్‌సెంటర్లో నా దగ్గరే పడుకోవాలి. ఇంకో ఇద్దరు ఆడమనుషులు తోడు రండి." ఇద్దరనుకుంటే ఆరుగురు లేచారు. నిజంగా బీపీ ఎంతుందో అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు గేదెలు అరుస్తున్నాయని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. ఆయన ఇంట్లో లేడు. మైలవరంలో చెల్లెలింటికి వెళ్ళాడని తెలిసింది. మేం నందిగామ వచ్చేశాం. రెండు రోజులు వీధిలో ఏ చప్పుడైనా కిటికీ దగ్గరకు వెళ్ళి చూసేదాన్ని. అమ్మను డ్యూటీకి వెళ్ళొద్దన్నాను. వినలేదు.

మూడోరోజు పొద్దున ఆయన మా ఇంటికే వచ్చాడు. ఒక్కడే. గేటు బయట నిలబడ్డాడు, అదే తెల్లచొక్కా, నలిగిపోయింది. పేటలో వాళ్ళు అక్కడక్కడా ఆగిపోయి చూస్తున్నారు.

"లోపలికి రండి, కూర్చోండి," అంది అమ్మ.

"పర్లేదు." నన్ను చూశాడు. "ఏమ్మాయ్, అది ఇంకెన్నిసార్లు ఏస్తారు?"

"వెయ్యరండి. వెయ్యొద్దని రాస్తాను."

"రాస్తే వింటారా?"

"తెలీదండి. రాస్తాను."

ఆయన గేటు కమ్మీ పట్టుకున్నాడు. "నువ్వు చూపించింది ఒక్క నిమిషం. మా ఆవిడ నీతో ఎంతసేపు మాట్లాడింది?"

"అరగంట పైనే."

"మిగతాది ఏం చెప్పింది?"

ఆ అరగంటలో చాలా ఉంది. పొయ్యిలో కట్టె. బాలింతగా ఉన్నప్పటి ఒక రోజు. ఎడిటింగ్‌లో నేనే వినలేక పక్కన పెట్టినవి. చెప్తే ఈయనేం చేస్తాడు? చెప్పకపోతే?

"అది ఆమె చెప్పాలండి. నేను ఒకసారి చెప్పి తప్పు చేశాను."

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. అమ్మ కూడా అనుకుందేమో, మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి మా ఇద్దరికీ మధ్య నిలబడింది. ఆయన గ్లాసు అందుకున్నాడు. మా పేటలో నీళ్ళు అంతకుముందెప్పుడూ తాగి ఉండడు. చాలాసేపు చేతిలో పట్టుకుని, "నాకు చెప్పలా. మీకు చెప్పింది," అన్నాడు. కోపమో, బాధో, రెండూనో ఇప్పటికీ నాకు తెలియదు. నీళ్ళు తాగకుండానే గ్లాసు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను ఉత్తరం రాశాను, స్వయంగా వెళ్ళి ఇచ్చాను, ఈసారి కారణం కూడా చెప్పాను. అది మళ్ళీ వెయ్యలేదు. ఆయన నెల రోజులు భార్యతో మాట్లాడలేదట. అమ్మ బీపీ పేరు పెట్టి పదిహేను రోజులకోసారి వెళ్ళి ఆమె చేతులు, వీపు చూసి వచ్చేది. ఆ ఏడాది ఒకసారి మణికట్టు వాచి ఉంది. ఆ సాయంత్రం పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురు వెళ్ళి, ఏమీ అనకుండా, ఆమె వాకిట్లో పొద్దుపోయేదాకా కూర్చున్నారట. ఆ తర్వాత అమ్మకు దెబ్బలేవీ కనపడలేదు. కనపడనివి ఉన్నాయేమో అమ్మకూ తెలియదు.

ఆమె నాకొక కబురు పంపింది: "మీ అమ్మాయి మీద నాకు కోపం లేదు. కానీ ఆ కెమెరా మిషను తీసుకుని మళ్ళీ మా ఇంటికి రావద్దని చెప్పండి." నేను వెళ్ళలేదు.

రెండేళ్ళు ఏమీ తీయలేకపోయాను. తర్వాత జగ్గయ్యపేటలో, భార్య పోయిన ఒక టైలరు గురించి తీశాను. ఎడిటింగ్ కాగానే కెమెరామన్‌తో కలిసి ప్రొజెక్టరు మోసుకుపోయి, ఎవరికీ చూపించకముందు ఆయన కొట్లోనే, గోడకు ఆయన గుడ్డే కట్టి, ఆయనొక్కడికే వేశాను. ఆయన చూస్తున్నంతసేపూ నేను గోడ వైపు చూడలేదు, ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను.

అయిపోయాక ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అంతా బాగుందమ్మా. ఆ రవికె సంగతి మాత్రం తీసెయ్," అన్నాడు. పోయే ముందు భార్య కుట్టమన్న రవికెను ఆయన ఇంకా మిషను సొరుగులో దాచుకున్నాడని చెప్పిన చోటు అది.

కెమెరామన్ నన్ను మోచేత్తో పొడిచాడు. సినిమా మొత్తంలో బాగున్నది అదే.

"తీసేస్తానండి," అన్నాను.